వైఫై స్పీకర్లలో 24/96, 24/192 (బిట్లు/కిలోహెర్ట్జ్) ఫైళ్ళు పలకడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

బ్రాడీపేట వీణ (గుంటూరు)

అందరికీ నమస్కారం. నాన్నగారు దాచిన కచేరీ క్యాసెట్లను కిందటేడు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వాటితోపాటు డబ్బు పెట్టి కొన్న వీణ, వేణువు ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్ళు నూటయాభై దాకా ఉన్నాయి. సంక్రాంతికి ఒకే రకం వైఫై స్పీకర్లు రెండు కొని, హాల్లో ఎడమ కుడి జతగా అమర్చుకున్నాను. హార్డ్ డిస్క్‌ను రౌటర్ యూఎస్‌బీకి తగిలించి డీఎల్‌ఎన్‌ఏ (ఇంటి నెట్‌వర్క్‌లోనే పాటలు పంపే పద్ధతి) ద్వారా వింటున్నాను.

ఇబ్బందులు మూడు. కొన్ని ఫైళ్ళు అసలు పలకవు. ఆప్‌లో పేరు కనిపిస్తుంది, నొక్కితే మారు మాట లేకుండా తరువాతి దానికి దూకుతుంది. పలికేవి కూడా రెండు మూడు నిమిషాలకొకసారి ఆగుతాయి, ముఖ్యంగా కుడి స్పీకర్ ఒక్క క్షణం వెనకబడి వచ్చి కలుసుకుంటుంది. పోనీ అని ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పెడితే అన్నీ నిరాటంకంగా పలుకుతాయి గాని, ఎంపీ3కీ దీనికీ తేడా నాకు తెలియడం లేదు. పెట్టె మీద హై-రెస్ (సీడీని మించిన నాణ్యత) ముద్ర మాత్రం బంగారు రంగులో మెరుస్తోంది. లోపం నా చెవిదా, స్పీకర్లదా, ఇంటిదా?

పటమట ఫ్లాక్ (విజయవాడ)

బ్రాడీపేట గారూ, మూడో సంగతి తేలిక కాబట్టి దానితో మొదలుపెడతాను. బ్లూటూత్‌లో పంపేటప్పుడు ఫోన్ ఏ ఫైలునైనా విప్పి, మళ్ళీ తన కోడెక్‌లో, అంటే ధ్వనిని కుదించే పద్ధతిలో, కుదించి పంపుతుంది. సీడీ నాణ్యత, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, కుదించకుండా లెక్కగడితే సెకనుకు 1,411 కిలోబిట్లు. అదే లెక్కన 24/96కు 4,608, 24/192కు 9,216. ప్రతి పరికరంలోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ కోడెక్ మామూలుగా 328 దగ్గర ఆగిపోతుంది. ఆప్టెక్స్ హెచ్‌డీ 576 దాకా పోతుంది. సోనీ వారి ఎల్‌డాక్ 990 వరకు వెళ్ళగలదు గాని, సిగ్నల్ సన్నగిల్లితే 660కో 330కో దిగిపోతుంది. ఐఫోన్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప వేరే దారి లేదు. బందరు కాలువ నీటిని ఇంటి కుళాయిలోంచి పట్టుకుంటే కుళాయి ధారే వస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, బ్లూటూత్ ఆడియో కోడెక్ అన్నచోట ఏది నడుస్తోందో చూడండి. ఎల్‌డాక్ ఉందని మురిసి కొన్న నా ఫోన్ ఆరు నెలలపాటు ఎస్‌బీసీలోనే పాడిందని నాకు అక్కడే తెలిసింది. స్పీకర్‌లో ఆ కోడెక్ లేకపోతే ఫోన్ మాత్రం ఏం చేస్తుంది? ఇక పలకని ఫైళ్ళ శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో చెప్పే కిలోహెర్ట్జ్ అంకె) ఎంతో చూసి చెప్పండి, నాకొక అనుమానం ఉంది.

బ్రాడీపేట వీణ

ఒక్కొక్కటే చూశాను. పలకనివి ముప్ఫై ఏడు, అన్నీ 88.2, 96, 192 కిలోహెర్ట్జ్‌వే. 44.1, 48 ఉన్నవి 24 బిట్లైనా పలుకుతున్నాయి.

పటమట ఫ్లాక్

అనుకున్నదే అయింది. ఇళ్ళలో వాడే వైఫై స్పీకర్లలో, పేరున్నవాటిలో సైతం, చాలావాటికి 48 కిలోహెర్ట్జ్ మించి తీసుకునే శక్తి ఉండదు. అట్ట మీద 24 బిట్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది, 48 అన్నది లోపలి కాగితంలో చివరి పేజీలో ఉంటుంది. ఆ బంగారు ముద్రను కూడా జాగ్రత్తగా చదవాలి: తీగ లేని పరికరాలకు ఇచ్చేది వేరే ముద్ర, ఎల్‌డాక్ వంటి కోడెక్ ఉంటే అది వస్తుంది, అంతేగాని మీ 192 ఫైలు చెక్కుచెదరకుండా చేరుతుందన్న హామీ కాదు.

మీకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఆ ముప్ఫై ఏడింటికీ 24/48 నకళ్ళు తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవడం. ఫూబార్2000 అనే ప్రోగ్రాంలో ఒక సాయంత్రం పని. 88.2వి మాత్రం 44.1కి దించండి, సరిగ్గా సగం అవుతుంది. రెండోది, పాత కంప్యూటరో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డో ఉంటే లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే ప్రోగ్రాం పెట్టుకోవడం. స్పీకర్ ఎంతవరకు తీసుకోగలదో చూసి, పంపేముందే అంతకు దించి ఇస్తుంది. మూలం ఫైలు జోలికి పోదు. ఏ దారిలో వెళ్ళినా అసలు ఫైళ్ళను మాత్రం చెరపకండి.

మొగల్రాజపురం మేడ (విజయవాడ)

నాకిది నచ్చలేదు. 192కు డబ్బు పెట్టి కొని 48కి దించుకుని వినడమెందుకు? ఆ స్పీకర్లు అమ్మేసి, 192 నేరుగా తీసుకునేవి కొనుక్కోమనడం న్యాయం.

సత్యనారాయణపురం శ్రోత (విజయవాడ)

మేడ గారి ఆవేశం అర్థమవుతుంది గాని, చెవి లెక్క వేరు. 48 కిలోహెర్ట్జ్ రేటులో 24 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని పడుతుంది. మనిషి చెవి కుర్రతనంలోనే 20 దగ్గర ఆగుతుంది, అరవై దాటిన నాబోటివాడికి అందులో సగమో ముప్పాతికో మిగిలి ఉంటుంది. 1948లో మొదలైన మన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్‌లో విని పెరిగినవాణ్ణి. అక్కడ పై స్థాయిలు దాదాపు ఉండేవే కావు, అయినా పొద్దున్నే వీణ వినపడితే చేతిలో పని ఆగేది. అందుకని నాణ్యత వద్దంటున్నానని కాదు.

బ్రాడీపేట గారిని ఒక మాట అడగాలి: ఆ క్యాసెట్లను ఏ రేటులో ఎక్కించారు? మామూలు క్యాసెట్‌లో బుసకూ గరిష్ఠ ధ్వనికీ మధ్య యాభై, అరవై డెసిబెల్స్ మించి ఎడం ఉండదు, 16 బిట్లకే 96 డెసిబెల్స్ ఉంది. నేను తెలియక 24/192లో వేవ్ (కుదించని) ఫైలుగా ఎక్కించాను. అరవై రెండు నిమిషాలకు ఫైలు 4 గిగాబైట్లు దాటడంతో, ఆ పద్ధతికున్న పరిమితి అదే కాబట్టి, మంగళం పాడకముందే కచేరీ తెగిపోయింది. ఇప్పుడు 24/48లో ఎక్కించి ఫ్లాక్‌గా దాస్తున్నాను.

ఇంకొకటి. కొన్న హై-రెస్ అంతా హై-రెస్ కాదు. స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో ఫైలు వేస్తే ధ్వని బొమ్మ గీసి చూపిస్తుంది. నేను కొన్న ఒక 24/96 ఆల్బంలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత, దానిపైన అంతా నలుపు. ఎంపీ3ని ఉబ్బించి అమ్మారని నా అనుమానం. డబ్బులడిగితే జవాబు లేదు.

అరండల్‌పేట తీగ (గుంటూరు)

ఆగిపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. 24/48 ధార, కుదించకపోయినా, సెకనుకు 2.3 మెగాబిట్లు, ఏ వైఫైకైనా అది లెక్కలోకి రాదు. కొరత వేగానిది కాదు, దారిలో రద్దీది. చాలా జతల్లో రౌటర్ ఇచ్చిన ధారను ఒక స్పీకర్ అందుకుని రెండోదానికి అందిస్తుంది, అంటే అదే గాలి రెండుసార్లు ఖర్చవుతుంది. కుడివైపే వెనకబడుతోందంటే అది రెండో మజిలీ అయ్యుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. మా అపార్ట్‌మెంట్‌లో ఫోన్‌తో లెక్కపెడితే పంతొమ్మిది రౌటర్లు వాటి మీదే కూర్చున్నాయి. మీ రౌటర్ ఎక్కడుంది?

బ్రాడీపేట వీణ

చెప్పడానికి సిగ్గుగా ఉంది. తీగ లాగినవాళ్ళు పడకగదిలో ఇనుప బీరువా మీద పెట్టి వెళ్ళారు, అక్కడే ఉంది.

అరండల్‌పేట తీగ

ముందు రౌటర్‌ను బీరువా మీంచి దింపండి, మిగతాది తరువాత చూద్దాం. వీలైతే ఎడమ స్పీకర్‌కు ల్యాన్ తీగ వేయండి. మొదటి మజిలీ తీగ మీదకు పోతే రెండోదానికి గాలి ఖాళీగా దొరుకుతుంది.

బ్రాడీపేట వీణ

పది రోజుల తరువాత రాస్తున్నాను. రౌటర్‌ను హాల్లో టీవీ బల్ల మీదకు మార్చాను. దానికి పన్నెండు మీటర్ల తీగ, గోడకో కన్నం, ఇంట్లో రెండు రోజుల అలక ఖర్చయ్యాయి. ఎడమ స్పీకర్‌కు ల్యాన్ వేశాను. అప్పటినుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. ముప్ఫై ఏడింటికీ నకళ్ళు తీశాను. మేడ గారి కోసం ఒక 192 ఫైలును, దాని 48 నకలును కంప్యూటర్‌కు హెడ్‌ఫోన్ తగిలించి, ఏది ఏదో మా అబ్బాయికి మాత్రమే తెలిసేలా పది సార్లు విన్నాను. ఆరు సార్లు సరిగ్గా చెప్పాను, బొమ్మా బొరుసూ వేసినా దగ్గరదగ్గరగా అంతే వస్తుంది. స్పెక్‌లో చూస్తే కొన్నవాటిలో నాలుగు ఫైళ్ళు శ్రోత గారు చెప్పిన బాపతే.

ఒక్క చిక్కు మిగిలింది. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్ళుగా ఉన్నచోట, మధ్యలో తంబురా అర సెకను తెగి మళ్ళీ మొదలవుతోంది. సన్నగా సాగే శ్రుతి అలా తెగితే ప్రాణం చివుక్కుమంటుంది.

పటమట ఫ్లాక్

అది డీఎల్‌ఎన్‌ఏ దారిలో తరచూ వచ్చేదే. మొదటి ఫైలు అయిపోకముందే రెండోదాని చిరునామా స్పీకర్‌కు అందాలి. ఆప్‌కీ స్పీకర్‌కీ, రెండింటికీ ఆ తెలివి ఉంటేనే అతుకు కనపడదు. ఆప్ మార్చి చూడండి. అయినా తెగితే, నకళ్ళు ఎలాగూ తీశారు కాబట్టి, ఆ మూడింటినీ ఒకే ఫ్లాక్‌గా కలిపి ఆ ఫోల్డర్‌లోనే ఉంచండి.

బ్రాడీపేట వీణ

ఆప్ మార్చినా తెగింది. మూడూ కలిపి ఒకటి చేశాను, నలభై ఒక్క నిమిషాలు వచ్చింది. రాత్రి నాన్నగారు పూర్తిగా విన్నారు.