రేచీకటి ఉన్న తమ్ముడికి పింఛను: సదరంలో 40 శాతం రాలేదు

ప్రశ్న:
మాది ప్రకాశం జిల్లా. మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే, రేచీకటి తెచ్చే కంటి జబ్బు ఉంది. పగటిపూట ఎదురుగా ఉన్న అక్షరాలు చదువుతాడు గాని పక్కనే నిలబడిన మనిషి కనిపించడు. పొద్దు వాలితే గడప దాటడానికైనా నా భుజం పట్టుకోవలసిందే. వైకల్యం శాతం తేల్చే సదరం శిబిరంలో గోడమీది చార్టు ఒక్కటే చదివించి, పింఛనుకు కావలసిన 40 శాతం లేదని పంపేశారు. నేను చిన్న ఉద్యోగం చేస్తూ వాడిని పోషిస్తున్నాను. ఇక దారి లేదా?

మొదటి జవాబు:
ఉందండీ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు పదునును మాత్రమే కాక, దృష్టి విస్తృతిని, అంటే చూపు ఒకచోట నిలిపినప్పుడు చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో దానిని కూడా, లెక్కలోకి తీసుకుంటుంది. మెరుగైన కంటిలో ఆ విస్తృతి 40 డిగ్రీలకన్నా తగ్గితే అల్పదృష్టిగాను, 10 డిగ్రీలకన్నా తగ్గితే చార్టు ఎంత బాగా చదివినా అంధత్వంగాను పరిగణించాలి. మీ తమ్ముడి జబ్బు ముందుగా హరించేది ఈ విస్తృతినే కాబట్టి, రెండు కళ్లకూ దానిని కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించి, ఆ నివేదికతో అప్పీలు చేయండి. అదే చట్టంలోని 59వ సెక్షను ఆ హక్కు ఇస్తోంది. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగున్నవారికి మాత్రం 30 శాతమే వస్తుంది. అది అన్యాయమని నా అభిప్రాయం, కానీ నిబంధన అదే.

రెండో జవాబు:
ధ్రువపత్రం వస్తే, మిగతా అర్హతలు కూడా సరిపోయిన పక్షంలో, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో దానిని 4,016 చేశారు. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది: మీపై ఆధారపడిన తమ్ముడి పోషణకు, పాత పన్ను విధానంలో మీ ఆదాయం నుంచి 75,000, వైకల్యం 80 శాతం ఉంటే 1,25,000 రూపాయలు మినహాయించుకోవచ్చు. రైల్వే రాయితీమీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దృష్టి లోపం ఉన్నవారిలో అది చూపు పూర్తిగా లేనివారికే.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఫీల్డ్ టెస్ట్‌కు ముందు ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
పెద్ద ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో చేయించండి. గిన్నెలాంటి తెరలో నడిమి చుక్కనే చూస్తూ, వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. అలసిపోయి చూపు అటూఇటూ తిప్పితే ఆ ఫలితం నమ్మదగినది కాదని యంత్రమే ముద్రిస్తుంది, వైకల్యాన్ని తేల్చే వైద్య బోర్డు దానిని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అందువల్ల ఉదయంపూటే తీసుకువెళ్లి, ఏ కంటికి ఎన్ని డిగ్రీలు మిగిలిందో వైద్యులచేత విడివిడిగా రాయించుకోండి.