అప్‌డేట్: అమెరికా ఎయిర్‌పోర్టులో ఫోన్ తెరవమంటే?

ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో దిగినప్పుడు సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు తనిఖీ విభాగం) అధికారి ఫోన్ అడిగితే ఏమవుతుందని ఇంతకుముందు అడిగాను. వచ్చిన జవాబులన్నీ 2018 నాటి సీబీపీ ఆదేశంతో సరిచూసుకున్నాను.

మామూలు తనిఖీకి అనుమానమేదీ ఉండక్కర్లేదు, చేత్తో స్క్రోల్ చేసి చూస్తారు. ఫోన్‌ను యంత్రానికి తగిలించి డేటా కాపీ చేయాలంటే మాత్రం సహేతుకమైన అనుమానమో, దేశభద్రత కారణమో ఉండాలి. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, క్లౌడ్‌లోకి (నెట్‌లో దాచుకున్న డేటాలోకి) వెళ్లకూడదు. అందుకే ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టిస్తారు. అయితే వాట్సాప్ చాట్లు ఫోన్‌లోనే ఉంటాయి, నెట్ తీసేసినా కనిపిస్తాయి! ఐఫోన్‌లో డిలీట్ చేసిన ఫోటోలు కూడా 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులుంటాయి, అక్కడా ఖాళీ చేయాలి.

దిగేముందు ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేశాక వేలిముద్ర పనిచేయదు, పాస్‌కోడ్ కొట్టాల్సిందే. పాస్‌కోడ్ చెప్పనంటే అమెరికా పౌరులను దేశంలోకి రాకుండా ఆపలేరు గానీ, వీసా మీద వచ్చినవాళ్లను వెనక్కి పంపొచ్చు. కాబట్టి చెప్పకుండా మొండికేయమని కొందరిచ్చిన సలహా మనకు పనికిరాదు.

ఫోన్ ఉంచేసుకుంటే 6051డీ రసీదు (ఫోన్ తీసుకున్నట్టు ఇచ్చే ఫారం) అడిగి తీసుకోండి. ఫోన్ ఉంచుకునే గడువు మామూలుగా 5 రోజులు, పొడిగించే వీలుంది.