వలస ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ ఇవ్వడానికి అసలు అడ్డంకి ఎక్కడుంది?

ప్రశ్న

2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒకే రోజు పోలింగ్ జరిగినప్పుడు, హైదరాబాద్‌లో పనిచేస్తూ ఆంధ్రలో ఓటున్నవారితో బస్సులూ రైళ్లూ ఎలా కిక్కిరిశాయో అందరమూ చూశాం. ఛార్జీ పెట్టుకోగలిగి, సెలవు దొరికినవారు వెళ్లారు. ఆ రెండూ లేనివారి ఓటు జాబితాలోనే ఉండిపోయింది. సైనికులకూ, ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులకూ ఇస్తున్న పోస్టల్ బ్యాలెట్‌ను వలస కార్మికులకు కూడా ఎందుకు విస్తరించకూడదు? జర్మనీలో 2021 సార్వత్రిక ఎన్నికల్లో ఓటేసినవారిలో 47 శాతం మంది తపాలా మార్గాన్నే ఎంచుకున్నారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2000లో అధ్యక్ష ఎన్నికనే తపాలా ద్వారా జరిపింది. మనకు అడ్డు చట్టమా, నమ్మకమా, ఏర్పాట్లా?

మొదటి సమాధానం

చట్టం పెద్ద అడ్డు కాదండీ. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 60వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వంతో సంప్రదించి ఎన్నికల సంఘం ఏ తరగతి ఓటర్లనైనా పోస్టల్ బ్యాలెట్‌కు అర్హులుగా ప్రకటించవచ్చు. 2019లో 80 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారికీ అవకాశం వచ్చింది ఈ దారిలోనే. 2024లో ఆ వయసును 85కు పెంచారు. అయితే ఇక్కడొక సంగతి గమనించాలి. ఇంటి నుంచి ఓటేస్తామని ఫారం 12డి దరఖాస్తు ఇచ్చిన వృద్ధుల ఇంటికి వచ్చేది తపాలా బంట్రోతు కాదు, వీడియోగ్రాఫర్‌తో సహా పోలింగ్ బృందం. పేరుకు పోస్టల్ బ్యాలెట్ అయినా ఓటరు నియోజకవర్గంలోనే ఉండాలి కాబట్టి, ఊరు విడిచి వెళ్లినవారికి ఈ పద్ధతి ఏ విధంగానూ అక్కరకు రాదు.

ఇక నిజంగా తపాలాలో వచ్చే ఓటు సంగతి. ఓటేసిన పత్రాన్ని చిన్న కవరులో పెట్టి అంటించాలి. ఓటేసింది తానేనని ఓటరు సంతకం చేసి, అధికారి ధ్రువీకరించిన పత్రాన్ని, అంటే 13ఎ డిక్లరేషన్‌ను మాత్రం ఆ చిన్న కవరులో పెట్టకుండా, దానితో పాటు విడిగా పెద్ద కవరులో ఉంచాలి. లెక్కింపు బల్ల దగ్గర పెద్ద కవరు తెరిచినప్పుడు డిక్లరేషన్ కనిపించకపోతే, చిన్న కవరు తెరవకుండానే ఆ ఓటును తిరస్కరిస్తారు. పొరపాటున రెండింటినీ చిన్న కవరులోనే పెట్టి అంటించిన ఓటరు ఎవరికి ఓటేశాడన్న ప్రశ్న అక్కడ ఇక తలెత్తదు. నిత్యం దస్త్రాలతో పనిచేసే ఉద్యోగులే తడబడే ఈ వ్యవహారాన్ని, ధ్రువీకరించే అధికారి ఎవరో కూడా తెలియని తాపీ పనివారి మీద ఉన్నదున్నట్టుగా రుద్దితే, ఓటు హక్కు ఇచ్చినట్టే ఇచ్చి కవరు దగ్గర లాక్కున్నట్టవుతుంది.

రెండో సమాధానం

కవర్ల చిక్కును ఫారాలు సరళం చేసి తీర్చవచ్చు. నన్ను కలవరపెట్టేది పత్రం చేతికందిన క్షణం నుంచి కవరు అంటించే క్షణం వరకు అది ఎవరి కళ్లముందు ఉంటుందన్నది. ఇటుక బట్టీలోనో, నిర్మాణ స్థలంలోనో ఉండే కూలీలకు సొంత చిరునామా ఉండదు. పత్రాలన్నీ మేస్త్రీ చిరునామాకే కట్టగా వస్తాయి. బయటి బెదిరింపుల నుంచే కాదు, అన్నం పెట్టే యజమాని నుంచీ, ఇంటి పెద్ద నుంచీ కూడా ఓటరును కాపాడేది పోలింగ్ కేంద్రంలోని ఆ అట్టపెట్టె చాటు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. తపాలా ఓట్ల అక్రమాల వల్లనే ఫ్రాన్స్ 1975లో ఆ పద్ధతిని రద్దు చేసింది. అమెరికాలో నార్త్ కరోలినా తొమ్మిదో నియోజకవర్గానికి 2018లో జరిగిన ఎన్నికలో ఒక అభ్యర్థి తరఫువారు తపాలా ఓట్లను అక్రమంగా సేకరించినట్టు తేలడంతో, మళ్లీ ఎన్నిక జరపాల్సి వచ్చింది. జర్మనీ ఉదాహరణ బాగుంది గానీ, అక్కడ ప్రతి పౌరుడికీ నమోదైన నివాస చిరునామా ఉంటుందన్న విషయాన్ని మరువకూడదు.

ప్రశ్న అడిగినవారు

మేస్త్రీ చిరునామా మాట కాదనలేను. కానీ ఆ కారణంతో వారిని శాశ్వతంగా ఓటుకు దూరం పెట్టడం న్యాయమేనా?

మూడో సమాధానం

న్యాయం కాదు; అలా పెట్టనవసరమూ లేదు. పత్రాన్ని ఓటరు ఇంటికి పంపడమే విస్తరణ అని ఎందుకు అనుకోవాలి? ఎన్నికల విధుల్లోని సిబ్బంది పోస్టల్ బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లకుండా, వారి కోసం ఏర్పాటు చేసే ఫెసిలిటేషన్ కేంద్రంలోనే ఓటు వేయాలని 2023లో నిబంధన తెచ్చారు. కశ్మీర్ నుంచి నిర్వాసితులైనవారు జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీల్లోని ప్రత్యేక కేంద్రాల్లో తమ సొంత నియోజకవర్గాలకు ఓటేస్తూనే ఉన్నారు. ఈ రెంటినీ కలిపి, ముందుగా నమోదు చేసుకున్న వలస కార్మికులకు వారు పనిచేసే నగరంలోనే అటువంటి కేంద్రం తెరిస్తే, చాటూ ఉంటుంది, డిక్లరేషన్ మీద సంతకం చేసే అధికారీ అక్కడే ఉంటాడు.

గడువు మాత్రం బిగువుగానే ఉంటుంది. నామినేషన్ల ఉపసంహరణకూ పోలింగ్‌కూ మధ్య చట్టం హామీ ఇచ్చే వ్యవధి 14 రోజులే కాబట్టి, సర్వీసు ఓటర్లకు, అంటే సైనికుల వంటివారికి, 2016 నుంచి చేస్తున్నట్టుగా పత్రాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, కేంద్రంలోనే ముద్రించుకోవాలి. మరో చిక్కు, అభ్యర్థుల తరఫున పోలింగ్‌ను గమనించే ఏజెంట్లది. పెద్ద పార్టీలు ప్రతి నగరంలోనూ మనిషిని కూర్చోబెట్టగలవు. ఒకే నియోజకవర్గంలో నిలబడిన స్వతంత్ర అభ్యర్థి కూర్చోబెట్టలేడు. ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో 72 నియోజకవర్గాలను నిర్వహించగల రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ప్రతిపాదించినప్పుడు పార్టీలు ఎదురు తిరగడానికి ఇటువంటి అనుమానాలూ కారణమే. నా మటుకు నేను, మొదట ఒకే ఉప ఎన్నికకు, ఒకే నగరంలో కాగితపు బ్యాలెట్‌తోనే ఇది చేసి చూడాలంటాను. తిరస్కరణకు గురైన ఓట్ల సంఖ్యను, కారణాలతో సహా, బయట పెట్టాలన్నది అందులో మొదటి షరతు కావాలి.