ప్రార్థన చేశాక కూడా టెన్షన్ తగ్గట్లేదు, ఏం చేయాలి?

4×100 రిలేలో నేను రెండోవాడిని. బ్యాటన్ (ఒకరి నుంచి ఒకరికి అందించే చిన్న గొట్టం) మార్చుకునే జోన్ 30 మీటర్లు, వెనక్కి చూడకుండా పరిగెడుతూనే చెయ్యి వెనక్కి చాపుతా, వెనక నుంచి వచ్చే మొదటివాడు అరవగానే అరచేతిలో బ్యాటన్ పడుద్ది, డౌటే రాదు. అదే నమ్మకం దేవుడి దగ్గరకొచ్చేసరికి ఏమైపోద్దో మరి! జాబ్ రిజల్ట్ గురించి రాత్రి ప్రార్థన చేసి నీకే వదిలేశా అంటా, పడుకున్న పది నిమిషాలకే లేచి మెయిల్ చూస్తా. ప్రార్థన పొద్దున్నకి మార్చా, భయాలన్నీ డైరీలో రాశా, ఫోన్ వేరే రూంలో పెట్టా, అయినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ, మళ్ళీ అదే ఆలోచన. ధైర్యంగా ఉండమని అందరూ చెప్తారు, ఎలాగో ఎవరూ చెప్పరు. రిలేలో ఆ నమ్మకం ఊరికే రాలేదు, ఆ మొదటివాడు ట్రాక్ మీద టేప్ గుర్తు దాటగానే నేను బయల్దేరడం అనే ఒక్క పనినే విసుగొచ్చేదాకా ప్రాక్టీస్ చేశాం. దేవుడి మీద నమ్మకం కోసం అలా రోజూ చేసే పని ఏదైనా మీలో ఎవరికైనా నిజంగా పనిచేసిందా?