రూట్ కెనాల్‌కు ముందు ప్రతి దవడపంటికీ త్రీడీ స్కాన్ తీయాలా?

రాజాం బస్టాండు:
మా అమ్మకు పై దవడ మొదటి దవడపంటికి రూట్ కెనాల్ చేయించి ఏడాది కాలేదు, క్యాప్ కింద మళ్లీ నొప్పి. విశాఖపట్నంలో కోన్ బీమ్ సీటీ అనే త్రీడీ స్కాన్ తీశారు. పంటి వేర్లలో నరం ఉండే కాలువల్లో నాలుగోది ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోయిందట. తెర మీద పంటిని అడ్డంగా పలచటి ముక్కలుగా తరిగినట్టు చూపిస్తే నాకే కనిపించింది. ఆ స్కాన్ మొదటే తీస్తే రెండోసారి ఖర్చు, సూదులు తప్పేవి కదా? దవడపంటికి ఇది తప్పనిసరి ఎందుకు చేయరు?

మూడు లాంతర్లు:
విజయనగరంలో పళ్ల డాక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మీ అమ్మగారికి వదిలేసింది బుగ్గ వైపు ముందు వేరులోని రెండో కాలువ అయి ఉంటుంది. ఆ పన్ను ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి అది ఉంటుంది. స్కాన్లు లేని రోజుల్లోనే ఇది తెలుసు. స్విట్జర్లాండ్‌లో వాల్టర్ హెస్ పీకిన పళ్లలోకి రబ్బరు ఎక్కించి, పంటిని కరిగించి, కాలువల అచ్చులు తీశాడు. ఆ బొమ్మలు 1925లో ఇంగ్లిషులో వచ్చాయి. 1984లో వెర్టూచి 2,400 పళ్లను పారదర్శకంగా మార్చి, రంగు ఎక్కించి, కాలువలను ఎనిమిది రకాలుగా విడదీశాడు. ఇంత తెలిశాక వెతకకపోవడం డాక్టరు తప్పు. ఆ కాలువ నోటి మీద డెంటిన్, అంటే పంటి లోపలి గట్టి పొర, అరుగులా కప్పి ఉంటుంది. దాన్ని సన్నగా చెక్కి, భూతద్దంతో చూడాలి. నేనూ కొన్ని వదిలేసే ఉంటాను లెండి.

నాగావళి గట్టు:
డాక్టరు గారూ, నేను ఎండోడాంటిక్స్, అంటే రూట్ కెనాల్ వైద్యంలో పీజీ విద్యార్థిని. ఫిల్ము మీద వేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, పైగా చెంప ఎముక నీడ. ఎక్కడ చెక్కాలో ఎలా తెలుస్తుంది? అమెరికా ఎండోడాంటిస్టుల, నోటి రేడియాలజీ నిపుణుల సంఘాలు 2015లో సవరించిన ఉమ్మడి ప్రకటన అదనపు కాలువలకు అవకాశమున్న పళ్లకు తొలి చికిత్సలోనే చిన్న పరిధి స్కాన్‌ను, అంటే కొద్ది పళ్ల వరకే తీసే కోన్ బీమ్‌ను, ఒప్పుకుంది. దవడపళ్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. ఇంకొకటి: కింది రెండో దవడపంట్లో 'సి' ఆకారపు కాలువ చైనా, కొరియా వాళ్లలో ఎక్కువని చదువుకుంటాం. మన శ్రీకాకుళం పళ్ల మాటేమిటి? అందరికీ తీస్తే ఆ లెక్కా తేలుతుంది.

మూడు లాంతర్లు:
బాబూ, అదే ప్రకటన లక్షణాలేమీ లేనివాళ్లకు రివాజుగా తీయవద్దని, ముందు మామూలు పంటి ఎక్స్‌రే తీయాలని కూడా చెప్పింది. ఆ వాక్యం దాటేశారు. లెక్క కోసం నొప్పితో వచ్చిన మనిషి మీద కిరణాలు వేయడం నాకు మింగుడు పడదు. పీకిన పళ్లు తెచ్చుకుని మైక్రో సీటీ అనే ల్యాబ్ స్కానర్‌లో పెట్టండి. కోన్ బీమ్ 75 నుంచి 400 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గడుల్లో చూస్తుంది, మైక్రో సీటీ పది ఇరవై మైక్రాన్ల దాకా దిగుతుంది. మనిషిని మాత్రం అందులో పెట్టలేం.

నాగావళి గట్టు:
సీసాలో తేలే పళ్లకు ఊరూ పేరూ ఉండవండీ. వయసు తెలియదు, కుడి ఎడమలు పోల్చలేం. ఉన్న స్కాన్లనే తిరగేస్తే కొత్త కిరణాలు అక్కరలేదు, నిజమే. కానీ అవి చిక్కు వచ్చినవాళ్లవి, కాబట్టి చిక్కు పళ్లే ఎక్కువ తేలతాయి.

ఏడు రోడ్ల కూడలి:
కిరణాల మీద ఇంత గొడవ ఎందుకు? చిన్న పరిధి స్కాన్ అయితే పదుల మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే కిరణాల కొలత). ప్రకృతి నుంచే ప్రపంచ సగటున ఏడాదికి 2,400 వస్తాయి. మన భావనపాడు తీరపు ఇసుకలో కిరణాలు వెదజల్లే మోనజైట్ ఖనిజం ఉంది, అక్కడ ఎవరూ పన్ను గురించి భయపడరు. నా బాధ వేరు. స్కాన్ కోసం ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. తప్పనిసరి అంటే నాలాంటివాడు పన్ను పీకించుకుంటాడు.

మూడు లాంతర్లు:
ఈ మాట ముందు రావలసింది. ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి రెండో ఫిల్ము తీస్తే, ఒకదాని వెనక ఒకటి దాగిన కాలువలు విడిపోయి కనిపిస్తాయి. ఉన్న ఊళ్లోనే, కొద్ది ఖర్చుతో అయిపోతుంది. అప్పటికీ తేలకపోతే స్కాన్. ఒకసారి నింపేసిన పంటికైతే స్కాన్ కూడా తడబడుతుంది. నింపిన పదార్థం, లోహం చుట్టూ వచ్చే నల్లటి చారలు పగుళ్లలా కనిపిస్తాయి.

రాజాం బస్టాండు:
అమ్మ స్కాన్‌లోనూ అలాంటి చార ఒకటి ఉంది. పగులేమోనని రాత్రంతా నిద్ర లేదు. బుధవారం పన్ను తెరుస్తారు, అడుగుతాను. తమ్ముడికి కింది దవడపన్ను మొదలుపెట్టాలి. వాడికి ముందు రెండో ఫిల్ము తీయమంటాను. తీయనంటే మళ్లీ ఇక్కడికే వస్తాను.