బురదలో పీసీబీల క్లోరిన్ ఊడిపోతే విషం తగ్గినట్టేనా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతున్నాను. సెమినార్‌కి అమెరికాలోని హడ్సన్ నది తీసుకుని ఒకచోట ఇరుక్కుపోయాను. కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1947 నుంచి 1977 దాకా ఎగువనున్న రెండు కెపాసిటర్ ఫ్యాక్టరీల నుంచి పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, అంటే జంట కర్బన వలయాలకు క్లోరిన్లు అతుక్కున్న పారిశ్రామిక రసాయనాలు) ఆ నదిలో కలిశాయి. ఆక్సిజన్ అందని అడుగు బురదలో బ్యాక్టీరియా ఆ అణువుల నుంచి క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా ఊడబీకుతుంది. ఎక్కువగా పోయేవి మెటా, పారా స్థానాల్లోవి, అంటే రెండు వలయాలు కలిసే చోటుకి దూరంగా ఉండేవి. ఆ చోటుకి పక్కనే ఉండే ఆర్థోవి చాలావరకు అలాగే మిగిలిపోతాయి. డయాక్సిన్ అనే తీవ్రమైన విషంలా పనిచేసే పీసీబీలకు మెటా, పారా క్లోరిన్లే ఆయువుపట్టు కాబట్టి ఆ రకం విషం తగ్గుతుంది. ఇంతవరకు బాగానే అర్థమైంది.

అసలు చిక్కు ఇక్కడే. క్లోరిన్ పోయినా బైఫినైల్ వలయాలు విరగవు, అంటే అణువుల లెక్క తగ్గదు. పైగా క్లోరిన్ తగ్గినవి నీళ్లలో కాస్త ఎక్కువగా కరుగుతాయి, బురద వదిలి పైకొస్తాయి. ఆర్థో క్లోరిన్లున్న కొన్ని పీసీబీలు నరాల మీద పనిచేస్తాయని కూడా చదివాను. మరి మొత్తం 209 రకాల్లో 12 రకాలనే లెక్కలోకి తీసుకుని, వాటి విషాన్ని డయాక్సిన్‌తో పోల్చి కొలిచే డయాక్సిన్ తుల్యత పద్ధతితో చూసి 'విషం తగ్గింది' అనొచ్చా?

బ్యాక్టీరియాయే అంత పని చేస్తుంటే 2009 నుంచి 2015 దాకా బురద తవ్వి తీయడం ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. అదే టెన్షన్. బురదలో బతికే పురుగుల మీద నేరుగా పరీక్ష చేస్తే ఈ తేడా బయటపడుతుందా, లేక ఒక్కో పీసీబీని విడిగా కొలవాల్సిందేనా?