అప్‌డేట్: డీఆర్‌ఎల్ వైరు పీకించలేదు

కారు ముందు పగలు కూడా వెలిగే డీఆర్‌ఎల్ (డేటైమ్ రన్నింగ్) లైట్ల వల్ల మైలేజ్ పడిపోతోందా, మెకానిక్ చెప్పినట్టు వైరు పీకించేయనా అని పోయిన నెల అడిగాను కదా, పీకించలేదండి. నావి ఎల్‌ఈడీ, రెండూ కలిపి 15 వాట్లు, ఇంజిన్‌లో, దాంతో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్‌లో వృథా అయ్యేది కూడా కలిపి లెక్కేస్తే గంటకి పెట్రోల్ ఓ 11 మి.లీ., అంటే రెండు టీ స్పూన్లంత, హైదరాబాద్ నుంచి విజయవాడ 5 గంటలు నడిపినా టీ గ్లాసు నిండదు. అదే హాలోజెన్ హెడ్‌లైట్లు పగలంతా వేసుకుంటే 110 వాట్లు, గంటకి 80 మి.లీ. దాకా తాగుతాయి.

అసలు తేడా టైర్లలో ఉంది, 33 పీఎస్‌ఐ ఉండాల్సిన గాలి 26కి దిగిపోయింది, కొట్టించాక లీటరుకి అర కిలోమీటరు పెరిగింది. మొన్న సూర్యాపేట దాటాక జోరు వానలో వెనక నుంచి ఓవర్‌టేక్‌కి వస్తున్న బూడిదరంగు కారు నా అద్దంలో దాని డీఆర్‌ఎల్ లైట్ల వల్లే కనపడింది, లేకపోతే లేన్ మారిపోయేవాణ్ణి.